గనిగుంటలో ఒక్క చేప

బంగారాలూ, శనివారం పొద్దున ఫోన్ చేస్తే ఎత్తనని మీ అమ్మ విసుక్కుంటుంది కదా. ఆ వేళకి నేను గనిగుంట దగ్గర ఉంటాను. అక్కడ సిగ్నల్ రాదు.

మిమ్మల్ని చిన్నప్పుడు ఒకసారి తీసుకెళ్ళాం, మీకు గుర్తుండదు. ఇక్కడ మిన్నెసోటాలో మీ తాతయ్య పనిచేసిన ఇనుప గని అది. తవ్వడం మానేసి నీళ్ళు తోడే పంపులు ఆపేశాక ఊట నీళ్ళు మెల్లగా పైకొచ్చి గొయ్యంతా నిండింది. చుట్టూ ఎర్రటి రాతిగోడలు. బురద లేదు. గట్టు మీద నిలబడితే ఎక్కడో అడుగున పడున్న బండల పగుళ్ళు కూడా కనిపిస్తాయి. మనకి అంత బాగా కనిపించే నీళ్ళలోంచి చేపలకి మనం కనిపించమా?

ఆ సంగతి నాకు తాతయ్యే చెప్పారు.

"ఆ ఎర్ర స్వెటర్ తీసెయ్. చేపలు దూరం నుంచే నీకు దండం పెట్టి వెళ్ళిపోతాయి."

"పెట్టనివ్వండి. ఈ ఊళ్ళో నాకు దండం పెట్టేవాళ్ళు ఇంకెవరున్నారు?"

నవ్వి, తన బూడిదరంగు కోటు నాకిచ్చారు. అంచు దాకా వెళ్ళకూడదు, మన నీడ నీళ్ళ మీద పడకూడదు, బండ వెనక కూర్చునే గాలం వెయ్యాలి. దారం కూడా సన్నగా ఉండాలి, లేకపోతే బాస్ చేప దగ్గరికే రాదు. సన్నదారంతో చేపని పైకి లాగితే తెగిపోతుంది. గట్టేమో నిలువు గోడలా ఉంటుంది. అందుకే అది ఇద్దరి పని. గాలం వేసేది నేను. బండ మీద బోర్లా పడుకుని చేపని వలలోకి ఎత్తేది ఆయన.

ఆయన పోయాక కూడా వెళ్తూనే ఉన్నాను. చేపలు పడేవి. బండ కింద దాకా వచ్చేవి. అక్కడ దారం తెగేది, చేప నోట్లో గాలపు ముల్లుతోనే వెళ్ళిపోయేది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ఆ ముల్లే గుర్తొచ్చేది.

"ఒక్కదానివే ఆ రాళ్ళ మీదకి ఎందుకమ్మా? జారితే ఎవరు చూస్తారు?" అని మీ అమ్మ మీ ఊరు ప్లేనో నుంచి ఫోన్‌లో రోజూ పోరు. "ఆ గాలం రాడ్లు పక్కింటి అంకుల్‌కి ఇచ్చెయ్."

ఇచ్చేద్దామనే అనుకున్నాను. ఈ వేసవి అయిపోయేలోగా ఒక్క చేపనైనా ఎవరి సాయం లేకుండా గట్టుకి తెచ్చి, ముల్లు తీయగలిగితే సరే. లేకపోతే ఇక ఆ గుంట మొహం చూడకూడదు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

ఆగస్టు చివర్లో ఒక పొద్దున ఎప్పట్లాగే బండ వెనక కూర్చుని గాలానికి ఎరగా రబ్బరు పురుగు గుచ్చి విసిరాను. అది మెల్లగా దిగుతుంటే చూస్తున్నాను. రాతి అరుగు కిందనుంచి ఒక నీడ కదిలింది. వచ్చి, కాసేపు ఆగి, నోరు తెరిచి మింగింది. అంతా కళ్ళముందే. రాడ్ వంగిపోయింది. చేప నీళ్ళపైకి ఎగిరింది, లోతుకి పోయింది, చివరికి అలిసిపోయి నా బండ కిందకి వచ్చింది.

"ఏవండీ, వల," అన్నాను.

పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయన్ని పేరు పెట్టి పిలిచింది లేదు. ఆ పిలుపు దానంతటదే వచ్చేసింది. ఎదురుగోడ నా మాట నాకే తిరిగిచ్చింది. చేప కింద నిలబడి నన్ను చూస్తోంది, నేను దాన్ని చూస్తున్నాను.

అప్పుడు తట్టింది. పైకి ఎత్తలేనప్పుడు, పక్కకి నడిపించవచ్చు కదా. ఆ చివర లారీలు గనిలోకి దిగిన పాత రోడ్డు ఉంది. ఇప్పుడది వాలుగా నీళ్ళలోకి వెళ్ళిపోతుంది. దారం బిగించకుండా, వదలకుండా, దూడని పలుపు పట్టి తీసుకెళ్ళినట్టు గట్టు వెంబడి బయల్దేరాను. మోకాళ్ళు ఒకటే నొప్పి.

"రామ్మా, ఇంకొంచెం దూరమే," అంటూ దానితో మాట్లాడాను. చాలా రోజుల తర్వాత పక్కన ఎవరో ఉండగా నడవడం అది.

రోడ్డు దగ్గర బూట్లతోనే నీళ్ళలోకి దిగాను. చల్లదనం ఎముకల్లోకి ఎక్కింది. తాతయ్య చేసినట్టే దాని కింది పెదవి బొటనవేలితో పట్టుకుని ఎత్తాను. నా మోచేతి నుంచి వేళ్ళ దాకా ఉంది. ఎర్రటి కళ్ళు. ఎవరికో చూపిద్దామని వెనక్కి తిరిగాను.

ఎవరూ లేరు. ఫోన్ కార్‌లో ఉంది.

అంత చేప పులుసు పెడితే ఒక్కదాన్ని ఎన్నాళ్ళు తినను? ముల్లు జాగ్రత్తగా తీసి వదిలేశాను. కాసేపు నా పాదాల దగ్గరే ఆగి, రోడ్డు వెంబడే లోపలికి దిగిపోయింది. ఆ నీళ్ళలో చాలా దూరం దాకా కనిపించింది.

సాయంత్రం మీ అమ్మ కార్‌లోంచి ఫోన్ చేసింది, మిమ్మల్ని డాన్స్ క్లాస్‌కి తీసుకెళ్తూ.

"రాడ్లు ఇచ్చేశావామ్మా?"

"లేదే. ఉంచుకుంటున్నాను."

"సరేలే. నీ ఇష్టం."

ఎందుకని అడుగుతుందేమోనని ఆగాను. వెనక సీట్లోంచి మీరెవరో నీళ్ళ సీసా అడిగారు, అది ఇస్తూ "మళ్ళీ చేస్తానమ్మా" అని పెట్టేసింది. నీళ్ళలోకి దిగానంటే ఎలాగూ గొడవ చేస్తుంది. అందుకే మీకు చెబుతున్నాను.