తూరు పట్టణాన్ని చదివే వంతు

మా టీచరమ్మ పోయారన్న కబురు మదనపల్లె టమాటా మండీలో, పొద్దుటి వేలం హోరులో, ఫోన్‌లో అందింది. చేసింది మా సంఘంలో అందరం కుప్పం తమ్ముడని పిలిచే మనిషి. "అన్నా, టీచరమ్మ లేదన్నా" అని అతను ఏడుస్తుంటే, బాధకన్నా ముందు నాకు ఒక మంట రేగింది. ఈ కబురు నాకన్నా ముందు అతనికెలా చేరిందని.

పుంగనూరులో చిన్నపిల్లల బడి నుంచి రిటైరయ్యాక, ఆదివారం సాయంత్రాలు ఆమె ఇంటి వెనకున్న పెద్ద బండ మీద మాకు బైబిలు చెప్పేవారు. నేను బడికి పోయినవాణ్ణి కాదు. టమాటా బాక్సుల మీది పేర్లు కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్నాను. ఇప్పుడు అదే మండీలో రోజువారీ లెక్కలు రాస్తున్నాను. నా చదువును మొదట మెచ్చుకున్న మనిషి ఆమె. "నీ నోట్లో మాట నలగదప్పా" అనేవారు. ఆ ఒక్క మాట మీద చాలా ఏళ్లు బతికాను.

ఏటా కోతల పండుగనాడు చర్చి ముందు గుమ్మడికాయలు, చెరకుగడలు, కోళ్లు పోగుపడేవి. వాటిని వేలం వేయడానికి ముందు, బైబిల్లో తూరు అనే రేవు పట్టణం మీది ప్రవచనాన్ని ఆమే చదివేవారు. వెండి, దంతం, గోధుమ, తేనె ఓడల్లో వచ్చిపడే ఊరు ఒకనాడు వట్టి బండైపోతుందని, దాని మీద జాలర్లు వలలు ఆరేసుకుంటారని. "కడుపు నిండిన దినమే దీన్ని ఇనల్ల" అనేవారు, వినితీరాలని. మా పక్క సముద్రమెక్కడిది, వలలెక్కడివి? "సింతపండు ఆరబోసే బండ అనుకోండప్పా. ఇదో, మీరు కూసోనుండేదే" అని అరచేత్తో బండను తట్టేవారు.

ఆమె కళ్లు మసకబారాక ఆ వంతు నాదేననుకున్నాను. కుప్పం తమ్ముడికిచ్చారు. గ్రానైటు పాలిష్ చేయించి ఓడల మీద పంపే మనిషికి! కారు దిగి వచ్చి, తడబడుతూ చదివాడు. ఆ పట్టణం ఓడలా మునిగిపోయే చోట కళ్లు తుడుచుకోవడానికి ఆగిపోయాడు. నటన అనుకున్నాను.

తర్వాతి ఆదివారం ఉండబట్టలేక అడిగాను.

"నాకు యాల ఇయ్యలేదు టీచరమ్మా? ఆయప్పకన్నా నేను బాగా సదువుతా గదా."

ఆమె చింతపండులో గింజలు తీస్తూ నవ్వారు. "సదువుతావు. సరుకుల కాడ యాలం పాడినట్టు పాడతావు. ఊరు కూలే కాడికి వస్తానే నీ గొంతు లేస్తాది. నీకు ఆడ సంతోసమప్పా."

"కూలాల్సిన ఊరే గదమ్మా?"

"కూలల్ల. అయినా ఆ ప్రవచనం సెప్పినాయన ఏడస్తానే సెప్పినాడు. కుప్పమాయప్ప సరుకు ఓడెక్కతాది. మునిగితే ఎట్లుంటాదో ఆయప్పకు తెలుసు. నువ్వు ఒడ్డున నిలబడుకోని సూస్తాండావు."

ఇంటికొచ్చి తలుపేసుకుని ఒక్కణ్ణే చదివి చూసుకున్నాను. ఊరు కూలే చోటికి రాగానే గొంతు లేచింది.

ఆమె పోయిన రోజు సాయంత్రం, సమాధిలో మట్టి వేసి వచ్చాక పాస్టరయ్య అడిగారు. "కోతల పండగ దగ్గరికొచ్చె. టీచరమ్మ వంతు ఈయేడు ఎవురప్పా సదివేది?"

నేను చేతులకంటిన మట్టి దులుపుకుంటున్నాను.

"అన్న సదువుతాడయ్యా" అన్నాడు కుప్పం తమ్ముడు. "ఆయమ్మకు అన్న గొంతంటేనే ఇష్టం."

ఇన్నేళ్లు కోరుకున్నది చేతికొచ్చింది. సంతోషపడదామంటే, ఆ మాట అతను అంత తేలిగ్గా ఎలా అనగలిగాడన్నదే గుచ్చుకుంది. అతని చోట నేనుంటే అనేవాణ్ణి కాదు.

టీచరమ్మ ఇంటి వెనక బండ మీద, ముందురోజు ఆమె ఆరబోసిన చింతపండు అలాగే ఉంది. మబ్బు పట్టింది. అతను తెల్లచొక్కా చేతులు మడిచి, ఒక పక్క నుంచి చేటలోకి ఎత్తసాగాడు. నేను రెండో పక్క కూర్చున్నాను.

"నిదానంగా రాన్నా, రాయి ఇంకా కాలతాండాది."

రాయి సంగతి అతనికే తెలిసినట్టు! అతనికన్నా ముందు నడుమకు చేరాలని నా చేతులు తొందరపడ్డాయి. ఇద్దరం ఎదురెదురుగా జరుగుతుంటే, మా వెనక బండ వట్టిదవుతూ వచ్చింది.