నాలా చుట్టూ అక్కతో ఒక ఉదయం

నాలా పక్కన నడవడానికి కూడా ఒక ప్రయాణం కావాలా అని మీరు అడగవచ్చు. మాకు కావలసి వచ్చింది. మా ఇంటి నుంచి ఆ చోటు ఎనిమిది కిలోమీటర్లు కూడా ఉండదు. కానీ మా అక్క సక్కుబాయికి మళ్లీ అక్కడ అడుగు పెట్టడానికి నలభై ఏళ్లు పట్టింది.

ఆ సంగతి ముందే చెప్పేస్తాను. నా నాలుగో ఏట మేము ఆ నాలా కాలువ ఒడ్డున రేకుల ఇంట్లో ఉండేవాళ్లం. ఒక మధ్యాహ్నం, అమ్మా నాన్నా పనికి వెళ్లి ఉండగా, వరద నీళ్లు ఇంట్లోకి వచ్చాయి. పదకొండేళ్ల అక్క నన్ను మెడ మీద ఎక్కించుకుని బయటికైతే వచ్చింది కానీ, వాకిట్లోనే కాళ్లు తేలిపోయాయి. పక్కింటి అంజమ్మ గోడ మీద నుంచి వంగి, అక్క జడ పట్టుకుని మా ఇద్దరినీ పైకి లాగింది. నాకు ఇవేవీ గుర్తులేవు. అక్కకు అన్నీ గుర్తే. ఆ వారమే మేము సీతాఫల్‌మండికి మారిపోయాం. అక్క మళ్లీ ఆ వైపు వెళ్లలేదు.

పోయిన నెల ఒక పెళ్లిలో అంజమ్మత్త కనిపించింది. డెబ్బై దాటింది. ఇప్పటికీ అదే నాలా పక్కన, కొడుకు కట్టిన డాబాలో ఉంటుంది. "నాలాకు రెండు దిక్కుల గోడ కట్టిన్రు, నడిచేతందుకు బాట ఏసిన్రు. పొద్దుగాల రోజొక్క చుట్టు తిరుగుత. ఒక్కపారి రా సక్కూ, నాతోని నడువు," అంది. అక్క నవ్వి ఊరుకుంది. మూడు రోజుల తర్వాత జాకెట్టు కుడుతూ కుడుతూ మిషన్ ఆపి, "తమ్మీ, ఐతారం నీకు పనేమన్న ఉన్నదా?" అని అడిగింది. నేను పని చేసే కొరియర్ ఆఫీసుకు ఆదివారం సెలవు. సెలవు లేకపోయినా వెళ్లేవాణ్ణే.

ఆదివారం ఉదయం ఐదూ నలభై అయిదుకు బస్టాపులో ఉన్నాం. నాకు రాత్రంతా సరిగ్గా నిద్ర లేదు, పరీక్ష ఫలితాల ముందురోజు లాగా. బస్సులో అక్క ఆధార్ కార్డు చూపించి ఉచిత టికెట్ తీసుకుంది, నేను డబ్బిచ్చి తీసుకున్నాను. పక్క సీట్లో ఒకావిడ ఒడిలో కరివేపాకు మూట పెట్టుకుని మోండా మార్కెట్‌కు వెళ్తోంది.

"ఇంత పొద్దుగాల యాడికి అక్కా?" అని అడిగింది.

"నడ్వనీకి," అంది మా అక్క.

"నడ్వనీకి బస్సెక్కిన్రా?" అందావిడ. ముందు సీటువాళ్లు కూడా తిరిగి నవ్వారు. అక్క కూడా నవ్వింది గానీ, కిటికీ కడ్డీ మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

ఆరూ పదికి సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర దిగాం. ఎదురుగా బండి మీద ఇడ్లీ తిన్నాం. నేను నాలుగు తింటే అక్క ఒక్కటి తిని, పళ్లెం పక్కన పెట్టేసింది. ఆటోవాలా ఎనభై అడిగి అరవైకి ఒప్పుకున్నాడు. ఏడు కాకముందే నాలా మీది రోడ్డు వంతెన దగ్గర దించాడు. అంజమ్మత్త అప్పటికే స్వెట్టర్ వేసుకుని, చేతికర్రతో నిలబడి ఉంది.

వెళ్లాలనుకునేవారికి చెబుతున్నాను: బాట చాలా సులువు. రోడ్డు వంతెన పక్కన చిన్న గేటు, నాలుగు మెట్లు దిగితే ఇక అంతా చదును. సిమెంటు పలకలు పరిచారు. ఒక ఒడ్డు వెంట కిందికి వెళ్లి, ఇనుప కాలివంతెన దాటి, రెండో ఒడ్డు వెంట మళ్లీ రోడ్డు వంతెన దగ్గరికే వస్తాం. మొత్తం రెండున్నర కిలోమీటర్లు. మొదట్లో కొంచెం వాసన వస్తుంది, దాచను. కానుగ చెట్లు మొదలయ్యాక అది పోతుంది. వానలు వెనకపట్టి అప్పటికి కొద్ది రోజులే. నీళ్లు నిండుగా, చప్పుడు చేస్తూ పారుతున్నాయి. తెల్ల కొంగలు రాళ్ల మీద నిలబడి ఉన్నాయి. మా సికింద్రాబాద్‌లో ఇంత పచ్చదనం ఉందని నాకు తెలియదు. ప్రతి పది అడుగులకూ ఫోన్ తీస్తూనే ఉన్నాను.

అక్క మాత్రం గోడకు దూరంగా, బాటకు రెండో పక్కనున్న కంచె వైపు నడిచింది. నీళ్ల వైపు చూడలేదు.

ఏడున్నరకు కాలివంతెన దగ్గరికి చేరాం. అక్క ఆగిపోయింది. వంతెన నేల ఇనుప జాలీ. కింద నీళ్లు కనిపిస్తున్నాయి.

"వచ్చిన బాటనే మళ్లిపోదాం అక్కా. గది సుత నడకనే గదా," అన్నాను.

అంజమ్మత్త ఏమీ బలవంతం చెయ్యలేదు. కర్ర గోడకు ఆనించి, "ఆ దినం నాకు సుత మస్తు భయమైంది బిడ్డా," అంది. "నీ జడ నా చేతులకెళ్లి జారుతుండె. ఒక్కర్నే గుంజగల్గుతనేమో అనుకున్న. నువ్వేమో పోరన్ని ఇడ్వకపోతివి."

అక్క ఆవిడ ముఖంలోకి చూసింది. "నువ్వు నవ్వుకుంట గుంజినవ్ గదా అత్తా. నాకు మంచిగ యాదికున్నది."

"నవ్వుడేంది? నేను ఏడుస్తుంటి."

అక్క నలభై ఏళ్లుగా అత్త ముఖాన్ని మనసులో నవ్వు ముఖంగానే దాచుకుందట. తనొక్కతే భయపడ్డదని అనుకుందట. ఇది నాకు తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం గోడకానిచ్చిన కర్ర తీసి నాకిచ్చి, అంజమ్మత్త చెయ్యి పట్టుకుని, "పా అత్తా," అంది.

ఇద్దరూ పక్కపక్కన నడిచారు. నేను వెనకాల కర్ర పట్టుకుని నడిచాను. సరిగ్గా నడుమ, నీలం రంగు లకుముకి పిట్ట ఒకటి మా కింద నుంచి నీళ్లకు తాకుతూ దూసుకుపోయింది. దాన్ని చూడడానికి అక్క కమ్మీ మీదుగా వంగింది. వంగి, నీళ్లను చూసింది. పిట్ట పోయాక కూడా చూస్తూనే ఉంది.

అవతలి ఒడ్డున అక్క నడక చూసి తీరాలి. మేము అందుకోలేకపోయాం. ఎనిమిదింపావుకు రోడ్డు వంతెన దగ్గర చుట్టు పూర్తయింది. నేను మెట్ల మీద కూలబడ్డాను. అక్క చీర కొంగు బొడ్డులో దోపి, "ఇంకొక్క చుట్టు ఏద్దామా?" అంది.

"నాతోని గాదు, నువ్వు పో," అంది అంజమ్మత్త. అక్క ఒక్కతే వెళ్లింది. ముప్పై అయిదు నిమిషాల్లో తిరిగొచ్చింది, చెమటతో, ఎర్రబడిన ముఖంతో. అంజమ్మత్త ఇంట్లో చాయ్ తాగాం. అక్క నాలుగు పూరీలు తింది.

పదిన్నరకు తిరుగు బస్సు దొరికింది. అక్క పక్కన కూర్చున్నావిడది బోయిగూడ. షుగర్ ఉందట. "డాక్టర్ నడువుమంటడు. మా గల్లీల నడుస్తే బండ్లు మీదికొస్తయి. ఏడ నడ్వాలె?" అంది.

అక్క ఆవిడ వైపు పూర్తిగా తిరిగి కూర్చుంది. ఏ ఆటో ఎక్కాలి, ఎంత ఇవ్వాలి, మెట్లు ఎన్ని, వాసన ఎక్కడిదాకా, కొంగలు ఎక్కడ, అన్నీ చెప్పింది. వరద మాట ఇక వస్తుంది, ఇక వస్తుందని నేను ఎదురుచూశాను. రాలేదు. ఆవిడ స్టాపు వచ్చి లేచినప్పుడు అక్క చెప్పిన చివరి మాట ఇది:

"ఇనుప బ్రిడ్జి కాడ జల్దీ చేయకున్రి. జెరసేపు నిలబడి కిందికి చూడున్రి. నీళ్లు మస్తుంటయి."