లక్నవరం దీవిలో వట్టి పాదాలు

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే లేచి పనిలోకి పోయే మనిషిని నేను. పోయినవాళ్ళు పోయినట్టే అని నా నమ్మకం. అందుకే ఇది ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

ఎనభైల మొదట్లో పెళ్ళయి వరంగల్ వచ్చాను. మా ఆయనకు నేను రెండో భార్యను. మొదటామె జ్వరంతో పోయింది. ఆయన మరమగ్గం మీద పనిచేసేవాడు. సెలవు దొరికితే చాలు, ములుగు బస్సెక్కి లక్నవరం చెరువుకు పోయేవాడు. చెరువు మధ్యలో మనుషులుండని చిన్న దీవి ఉంది. అక్కడ పొద్దంతా పిట్టలను చూస్తూ కూర్చునేవాడు.

ఒకసారి పట్టుబట్టి నేనూ వెళ్ళాను. పడవ నడిపే మల్లయ్య దారిలో అన్నాడు: "ఈ దీవంటే అన్నకు పానం, చెల్లె. పెద్దక్క ఉన్నప్పుడు ఇద్దరూ కలిసే వచ్చేటోళ్ళు."

ఆ మాట ముల్లులా దిగింది. మొదటామెతో ఇక్కడికి వచ్చేవాడినని ఆయన నాకు ఎన్నడూ చెప్పలేదు.

మల్లయ్య పడవలోనే ఉండిపోయాడు. దీవిలో ఇంకెవరూ లేరు, ఇంకో పడవా లేదు. ఆయన ముందు, నేను కొంచెం వెనక నడిచాం. ఒడ్డున నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. ఆయన పక్కనుంచి పోయినా కదల్లేదు. నేను దగ్గరికి రాగానే అన్నీ ఎగిరిపోయాయి. పొదల్లో దుప్పి ఒకటి తలెత్తి, ఆయన పక్కనున్న ఖాళీ చోటునే చూస్తోంది.

అప్పుడు కిందికి చూశాను. బురదలో ఆయన చెప్పుల గుర్తుల పక్కనే వట్టి పాదాల గుర్తులు. చిన్నవి, ఆడమనిషివి. వాటిలో నీళ్ళు ఇంకా ఊరుతున్నాయి.

"ఇవి ఎవరియి?" అని అడిగాను.

ఆయన తిరిగి చూశాడు. "నీయే గద. చెప్పులిడిసినవా?"

కాలెత్తి చూపించాను. చెప్పు కాలికే ఉంది, నిండా బురద.

ఆయన ముఖంలో భయం లేదు. చాలా రోజులకు ఇంటి మనిషి కనబడ్డట్టు ఆ గుర్తులనే చూస్తూ నిలబడ్డాడు. నన్ను అలా ఎన్నడూ చూడలేదు.

"ఇగ పోదాం పా," అన్నాను. ఆయన చెయ్యి పట్టుకుని, ఆ గుర్తులను కావాలని తొక్కుకుంటూ పక్కనే నడిచాను.

పడవెక్కి వెనక్కి చూశాను. మేము వచ్చిన దారిలో ఆయన చెప్పుల గుర్తులు, పక్కన వట్టి పాదాలు. నా చెప్పుల గుర్తు ఒక్కటీ లేదు. మల్లయ్య కూడా చూశాడు. గబగబా గెడ వేసి పడవను ఒడ్డు నుంచి నెట్టాడు.

బురద సంగతో, నా కళ్ళ సంగతో, ఈనాటికీ తేల్చుకోలేకపోయాను. భయం మాత్రం వేయలేదు. కడుపు మండింది. బస్సులో మా మధ్య ఇంకెవరికీ చోటు లేకుండా, వరంగల్ దాకా ఆయనకు ఆనుకునే కూర్చున్నాను.