అందరికీ తెలుసని చెప్పిన మనిషి

మా హిందీ మేడం చనిపోయారన్న కబురు స్కూలు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఆమెను ఎప్పుడో తీసేసిన గ్రూపు అది. హెడ్మాస్టరు గారు దీపం బొమ్మ పెట్టి, మంచి ఉపాధ్యాయురాలిని కోల్పోయామని రాశారు. కింద వరసగా దండాల బొమ్మలు. ఆ దండాలు పెట్టిన వాళ్లలో చాలామంది, మేడం మా స్కూల్లో ఉన్న చివరి రోజుల్లో ఆమెతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. హిందూపురం బస్టాండులో నిలబడి అది చదివాను. స్కూలుకు పోబుద్ధి కాలేదు. మేడం ఇల్లున్న ధర్మవరం బస్సెక్కాను.

నేను ఉద్యోగంలో చేరింది పెనుకొండ దగ్గరి హైస్కూల్లో. హెడ్మాస్టరు గారి కోపానికి స్టాఫంతా వణికేవారు. ఆయన దగ్గరికి మాటలు మోసేవాళ్లు కొందరు, వాళ్లను చూసి నోరు కుట్టేసుకున్నవాళ్లు మిగతావాళ్లు. ఒకే గదిలో రెండు జట్లు. మేడం ఎటూ చేరలేదు. మధ్యాహ్నం డబ్బా విప్పి, ఊరుబిండి పచ్చడి మూతలో వేసి బల్ల మధ్యకు తోసేవారు.

"తీసుకోండప్పా, దీంట్లో ఏ పార్టీ లేదు" అనేవారు నవ్వుతూ.

నేను చేరిన కొత్తలో నాతో ఒక మాట అన్నారు. "పాపా, తెలియకపోతే తెలియదని చెప్పు. చెప్పేందుకు భయమేస్తే నాకు చెప్పు." క్లాసులోనూ ఆమెది అదే పద్ధతి. బోర్డు మీద కావాలనే తప్పు రాసి, పిల్లలు పట్టుకునేదాకా ఆగేవారు. పట్టుకున్న పిల్లకు సుద్దముక్క ఇచ్చి, తాను పక్కకు జరిగేవారు.

మా సైన్సు సారు మెత్తని మనిషి. ల్యాబులో ఆసిడ్ సీసాలుండే బీరువాలో ఒక అర ఊగుతోందని స్టాఫ్ మీటింగులో చెప్పాడు.

"చేతగాకపోతే సెలవు పెట్టి ఇంటికి పో. ఊరికే నాకు చెప్పొద్దు" అని హెడ్మాస్టరు గారు అందరి ముందర అరిచారు. కొందరు నవ్వారు కూడా. సారు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మరెవరూ ఎత్తలేదు.

ఆ అర విరిగింది. కింద కూర్చుని రాసుకుంటున్న తొమ్మిదో తరగతి అమ్మాయి భుజం నుంచి మోచేతిదాకా కాలింది. మరుసటి రోజు వాళ్లమ్మ కూలి పని మానుకుని స్కూలుకు వచ్చింది. పిల్ల తనే బీరువా తీసి ఆడుకుందని హెడ్మాస్టరు గారు చెప్పారు. ఆమె ఏడుస్తూ, "మా పిల్ల అట్ల చేసేది కాదు సార్" అంటోంది. మేమంతా అక్కడే ఉన్నాం.

మేడం లేచారు.

"ఆ పిల్ల తప్పేం లేదమ్మా. బీరువా చెడిపోయుండాదని మాకందరికీ తెలుసు. చెప్పేకి భయపడినాము."

ఆ రోజు నుంచి ఆమె పక్క కుర్చీలు ఖాళీ అయ్యాయి. నేను ఆమె పక్కనే కూర్చునేదాన్ని. మూత బల్ల మధ్యకు వస్తూనే ఉండేది, నా చెయ్యి తప్ప వేరే చెయ్యి దాని దగ్గరికి రాలేదు. విచారణకు వచ్చిన అధికారి బీరువా సంగతి అడిగితే సైన్సు సారు, "నాకేం తెలీదు సార్" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఆయప్పనేమీ అనొద్దు పాపా" అన్నారు మేడం. "నోరు తెరిస్తే ఏమైతాదో ఆయప్పకు ఒకసారి చూపించినారు గదా."

స్టాఫులో గొడవలు పెడుతున్నారని చెప్పి ఆమెను డిప్యుటేషన్ మీద నంబులపూలకుంట వైపు వేశారు. సుగరు, బీపీ ఉన్న మనిషి. ధర్మవరం నుంచి కదిరి, అక్కడ బస్సు మారి మళ్లీ ప్రయాణం. చివరిసారి ఫోన్ చేసినప్పుడు కొత్త స్కూలు ఎలా ఉందని అడిగాను.

"ఈడా అంతే పాపా. మాట్లాడే ముందర వాకిలి తట్టు చూస్తారు" అన్నారు.

కదిరి బస్టాండులో మేడం బెంచీ మీద కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారట.

ధర్మవరంలో ఆమె ఇంటి ముందు షామియానా వేశారు. మా స్కూలు వాళ్లు రెండు ఆటోల్లో వచ్చి, రెండు గుంపులుగా నిలబడ్డారు. సైన్సు సారు మాత్రం దండ పట్టుకుని రోడ్డు మీదే ఆగిపోయాడు. మేడం భర్త స్వయంగా వెళ్లి, "లోపలికి రాండి సార్. మీ గురించి చెప్తాండె" అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు.

సారు శవం ముందు నిలబడి ఏడ్చాడు. తర్వాత భర్త వైపు తిరిగాడు.

"సార్, ఆ పొద్దు మేడం చెప్పింది..."

మేడం కాళ్ల వైపు నిలబడి ఉన్న హెడ్మాస్టరు గారు తలెత్తి చూశారు. అంతే. సారు నోరు కొంచెం తెరుచుకునే ఉంది. చేతిలోని దండ నుంచి నీళ్లు ఒక్కో చుక్కా చాప మీద పడుతున్నాయి. మేడం భర్త ఆయన ముఖంలోకే చూస్తూ, వింటానన్నట్టు, అలాగే నిలబడి ఉన్నారు.