టేపు రెండో వైపు

పోయిన శనివారం మా ఆవిడ నన్ను సిడ్నీ శివారు గిరావీన్‌లో చెవుల పరీక్షకి తీసుకెళ్లింది. నాకు సరిగ్గా వినపడటం లేదని ఆవిడ అనుమానం. వినపడకపోవడం వేరు, వినకపోవడం వేరు అని నేను చెప్పలేదు. చెబితే పరీక్ష తప్పేది గాని, అంతకంటే పెద్ద గొడవ మొదలయ్యేది. అక్కడ ఒక అమ్మాయి నన్ను చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, చేతిలో ఒక బటన్ పెట్టింది. బీప్ వినపడగానే నొక్కాలి. మొదట్లో బాగానే వినపడ్డాయి. పోనుపోను సన్నబడ్డాయి. చివరికొచ్చేసరికి బీప్ వచ్చిందో, వస్తే బాగుండునని నాకే అనిపించిందో తెలియని స్థితి. అయినా నొక్కాను. ఎంసెట్ రాసిన వేలు ఖాళీ వదలడానికి ఒప్పుకోదు. బయటికొచ్చాక ఆ అమ్మాయి కంప్యూటర్ చూసి ఎంతో మర్యాదగా చెప్పింది: "సర్, కొన్నిసార్లు మేం సౌండ్ ఇవ్వకుండానే మీరు నొక్కారు." మా ఆవిడ పకపకా నవ్వింది. నాకు మాత్రం ఎప్పుడో బ్రిస్బేన్ శివారు సన్నీబ్యాంక్‌లో పడిన వడగళ్లు గుర్తొచ్చాయి.

నేను ఈ దేశం వచ్చింది ప్రపంచాన్ని కాపాడటానికి. వెటకారం కాదు, మా కన్సల్టెన్సీ వాడు అలాగే చెప్పి పంపాడు. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే వేశారు గనక 2000 రాగానే కంప్యూటర్లకి మతి పోతుందనీ, విమానాలు రాలిపోతాయనీ, బ్యాంకులు మన ఖాతాలు మరిచిపోతాయనీ పేపర్ల నిండా అదే గోల. ఆ ప్రళయాన్ని ఆపడానికి అమీర్‌పేటలో మూడు నెలలు కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్చుకున్న నాలాంటి వీరులు సూట్‌కేసుల్లో కుక్కర్లు పెట్టుకుని బయల్దేరారు. బ్రిస్బేన్‌లో ఒక బీమా కంపెనీ నన్ను కూర్చోబెట్టింది. కొత్త సంవత్సరం వచ్చింది. ఏమీ కాలేదు. లిఫ్టు కూడా పిలిచిన అంతస్తుకే వచ్చింది. మేనేజరు అందరికీ షేక్‌హ్యాండ్ ఇచ్చి, కేకు కోసి, కొద్ది వారాల్లో మమ్మల్ని సాగనంపాడు. ప్రపంచం బతికి, మా ఉద్యోగాలు పోయాయి. ప్రళయం రాకపోతే నష్టపోయేవాళ్లు కూడా ఉంటారని అప్పుడే తెలిసింది.

అప్పుడు నేను సన్నీబ్యాంక్‌లో ఒక తెలుగు ఆంటీ ఇంట్లో వెనక గది అద్దెకి తీసుకుని ఉండేవాణ్ణి. నర్సాపురం మనిషి. వృద్ధాశ్రమంలో పని, ఆదివారం చర్చి, ఇంట్లో ఉన్నంతసేపూ టేప్‌రికార్డర్లో తెలుగు క్రైస్తవ గీతాలు. భర్త పోయాక, కూతురు మెల్‌బోర్న్‌లో యూనివర్సిటీకి వెళ్లిపోయాక, ఖాళీ అయిన ముందు గదిని ఆవిడ విదేశీ విద్యార్థుల హోమ్‌స్టేకి ఇచ్చింది. దాంట్లోకి చైనా నుంచి పదహారేళ్ల అమ్మాయి దిగింది. "అసలు సిసలైన ఆస్ట్రేలియన్ కుటుంబంలో ఉంటే ఇంగ్లిష్ దానంతటదే వస్తుంది" అని ఏజెంటు ఆ పిల్ల తల్లిదండ్రులకి మాటిచ్చాడట. ఆంటీకి ఆస్ట్రేలియా పాస్‌పోర్టు ఉంది కాబట్టి అది అబద్ధం కూడా కాదు. నాలుగు నెలలు గడిచేసరికి ఆ పిల్ల గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ నంజుకోవడం, మాట చివర "కదా" తగిలించడం నేర్చుకుంది. అసలు సిసలైన ఆస్ట్రేలియన్ ఇంగ్లిష్ మాత్రం బస్సు డ్రైవర్ "గుడ్ డే"ని నమిలి "గుడ్డే" అని పలకరించినప్పుడే చెవిన పడేది.

ఆ ఇంట్లో రోజూ సాయంత్రం జరిగే సంభాషణ ఇది.

"తిను తిను, ఈట్. నాట్ స్పైసీ."

"ఆంటీ, ఎవ్రీ డే యూ సే నాట్ స్పైసీ, కదా."

"ఎవ్రీ డే నాట్ స్పైసీయేనే! నీళ్లు తాగు, కన్నీళ్లు తుడుచుకో. ఒరేయ్, నువ్వేంటి నవ్వుతావ్, ఆ పెరుగు ఇలా తోయ్."

నవ్వినందుకు కాదుగాని, అద్దె సమయానికి ఇవ్వాలి కాబట్టి నేనూ ఆ పిల్ల చదివే కాలేజీలోనే పనికి కుదిరాను. కాలేజీ అంటే ఏదో ఊహించుకోకండి. చైనా భోజనశాల పైన రేకుల కప్పు కింద రెండు గదులు, అందులో అల్లం, వెల్లుల్లి వాసన. చైనా నుంచి వచ్చిన హైస్కూలు పిల్లలకి ఇంగ్లిష్ చెప్పి, ఒక పరీక్ష పెట్టి, పాసైనవాళ్లని అసలు హైస్కూల్లో పదకొండో క్లాసుకి పంపించడం దాని వ్యాపారం. నడిపే డైరెక్టరు అంతకుముందు ఈత కొలనులు అమ్మేవాడు. కొలనుల మీద ఉన్న శ్రద్ధలో సగం ఇంగ్లిష్ మీద ఉన్నా బాగుండేది. పరీక్ష నాడు మాత్రం టై కట్టుకుని, గుమ్మంలో నిలబడి, పిల్లల్ని ఒక్కొక్కరినే కళ్లలోకి చూసి లోపలికి పంపేవాడు. రాకెట్ ప్రయోగమైనా అంత గంభీరంగా జరగదు. నా పని పరీక్ష గదిలో కాపలా కాస్తూ టేప్‌రికార్డర్ బటన్ నొక్కడం. ప్రపంచాన్ని కాపాడిన వేలికి సరైన పదోన్నతి.

పరీక్షలో రెండు భాగాలు. చదవడం, వినడం. చదవడంలో దీపస్తంభాల మీదో, గొర్రెల బొచ్చు మీదో రెండు పేజీల వ్యాసం ఇచ్చేవారు. ఆ వ్యాసం చదివిన పిల్లవాణ్ణి నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు. చదవొద్దనే వాళ్లకి నేర్పేవారు. ప్రశ్నలో ఉన్న మాటని వ్యాసంలో వెతుక్కో, పక్కనున్న ముక్క ఎత్తి రాసెయ్, అంతే. గొర్రె ఏమైపోయిందో ఎవరికీ పట్టదు. వినడం ఇంకా గొప్పది. కాలేజీ పెట్టిన నాడు కొన్న ఒకే ఒక్క కేసెట్. అందులో ఒకావిడ లైబ్రరీకి దారి అడుగుతుంది, ఒకాయన రైలు తప్పిపోతాడు, ఎవరో ఎవరికో పుట్టినరోజు కానుక కొంటారు. ఏళ్ల తరబడి అదే లైబ్రరీ, అదే రైలు. పిల్లలంతా ఒకే అపార్ట్‌మెంట్లలో కలిసి ఉండేవారు. ముందు బ్యాచ్ వెళ్తూ వెళ్తూ వంట గిన్నెలతో పాటు ఈ జవాబుల్ని కూడా తరవాతి బ్యాచ్‌కి అప్పగించేది. టేపులో ఆయనకి రైలు తప్పకముందే తప్పిందని రాసేసేవాళ్లని నేను చూశాను. డైరెక్టరూ చూశాడు. చూసి, "మన బోధన అద్భుతం" అని బ్రోషర్లో వేసుకున్నాడు.

మన పిల్ల ఆ అపార్ట్‌మెంట్లలో ఉండేది కాదు. అయినా పరీక్ష ముందురోజు క్లాసులో ఎవరో జాలిపడి జవాబులు చెబుతామన్నారట. అన్నం దగ్గర ఆంటీకి చెప్పింది. పాసవకపోతే ఇంటికి వెళ్లిపోవాలి. అక్కడ తన క్లాసు తను లేకుండానే ముందుకెళ్లిపోయింది, తిరిగి వెళ్తే చేర్చుకునే చోటు లేదు. ఇక్కడా లేకుండా, అక్కడా లేకుండా అవుతుంది. తీసుకోనా వద్దా అన్నది ప్రశ్న. నేనైతే కూడబలుక్కుని మరీ రాసుకునేవాణ్ణి. ఆంటీ గరిటె పట్టుకుని ఆలోచించింది.

"వద్దమ్మా. దేవుడు చెవులిచ్చాడు. యూ హావ్ ఇయర్స్. విను, రాయి. నాలుగు నెలలు నా మాటే అర్థం చేసుకున్నావ్, ఆ టేపు ఎంత?"

ఆ పిల్ల సరేనని తలూపింది. నాకు ఒళ్లు మండింది. నీతులు చెప్పడానికి ఆంటీకి దొరికిన సమయం అదీ!

మర్నాడు మధ్యాహ్నం ఆకాశం ఆకుపచ్చగా మారింది. బ్రిస్బేన్‌లో ఆకాశం ఆ రంగుకొస్తే కార్లున్నవాళ్లు షెడ్లకి పరిగెడతారు. నేను సరిగ్గా అప్పుడే బటన్ నొక్కాను. లైబ్రరీకి దారి అడిగే ఆవిడ "ఎక్స్‌క్యూజ్ మీ" అంది. ఆ తరవాత రేకుల మీద వడగళ్లు మొదలయ్యాయి. ఎవరో పైనుంచి లారీలకి లారీలు కంకర కుమ్మరిస్తున్నట్టు చప్పుడు. టేపు తిరుగుతున్నట్టు కనిపిస్తోంది గాని, నా పక్కనే ఉన్నా నాకొక్క ముక్క వినపడలేదు. పిల్లలు మాత్రం తలలు వంచుకుని, ఎంతో ఏకాగ్రతతో, ఎక్కడా తడబడకుండా రాసుకుపోతున్నారు. గిరగిరా తిరిగే ఆ టేపుని చూసి కొందరు అర్థమైనట్టు తలలు కూడా ఊపారు. అంత గొప్ప నటన నేను మళ్లీ చూడలేదు. గదిలో ఒక్క చెయ్యి లేచింది. మన పిల్లది. చెవి చూపించి, తల అడ్డంగా ఊపింది. నేను గుమ్మంలో ఉన్న డైరెక్టరు దగ్గరికి పరిగెత్తి, ఆపమంటారా అని గట్టిగా అరిచాను.

"టేపు ఆపడం ఉండదు, మేట్!" అని ఆయన కూడా అరిచాడు. "ఒక్కసారే వేస్తాం. అదే రూలు!"

వారం తరవాత ఫలితాలొచ్చాయి. గదిలో ప్రతి ఒక్కరికీ వినడంలో నిండుగా మార్కులు. మన పిల్లకి సున్నా. వినపడనిది రాయకూడదని ఖాళీగా ఇచ్చింది. ఇంటికొచ్చి ఏడవలేదు. సూట్‌కేసు మంచం కిందనుంచి లాగి, తెరిచి, దాని పక్కన కూర్చుంది. ఆంటీ గుమ్మంలోంచి అది చూసింది. టేప్‌రికార్డర్ ఆపింది. చర్చి చీర కట్టుకుంది. "పదండి" అంది. నేనూ పదండిలో ఉన్నానని కాలేజీ మెట్లెక్కేటప్పుడు గాని నాకు తెలియలేదు.

డైరెక్టరు కుర్చీ చూపించాడు. ఆంటీ కూర్చోలేదు. వడగళ్ల సంగతి చెప్పింది. ఆయన బోలెడంత సానుభూతితో విని, చేతులు చాచాడు. "మేడమ్, అదే గదిలో మిగతావాళ్లందరికీ నిండుగా మార్కులొచ్చాయి. అంటే సమస్య వడగళ్లు కాదు. పాపం, ఈ అమ్మాయికి వినే శక్తి తక్కువ." ఇదీ ఆయన తర్కం. వినకుండా రాసినవాళ్లంతా విన్నట్టు, వినపడలేదన్నది చెవిటిదైనట్టు. కొలనులో నీళ్లు లేకపోయినా కొనేవాడికి ఈత రాకపోవడమే లోపమని నమ్మించి ఉంటాడు ఈయన.

ఆంటీ నా వైపు తిరిగింది. "ఒరేయ్, ఆ కేసెట్ ఏదీ?"

తీసి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసింది. పాతికేళ్లుగా దేవుడి పాటల కేసెట్లు తిప్పి తిప్పి వేసిన చెయ్యి అది.

"ఈజ్ దేర్ సాంగ్ ఆన్ దిస్ సైడ్?"

డైరెక్టరు ముఖంలో రంగు మారింది. అటువైపు ఏముందో ఆయనకీ తెలియదు. ఆ కేసెట్‌కి రెండో వైపు ఉంటుందని అన్నేళ్లలో ఆ కాలేజీలో ఎవరికీ తట్టలేదు. నాకు కూడా. కంప్యూటరు చదువు చదివి, పరీక్ష పరీక్షకీ ఆ కేసెట్‌నే చేత్తో పట్టుకుని తిరిగినవాణ్ణి.

"వెరీ గుడ్ సర్. కాల్ ఆల్ ది చిల్డ్రన్," అంది ఆంటీ. "పుట్ దిస్ సైడ్. ఆల్ ఫుల్ మార్క్స్ పిల్లలు కదా, దే విల్ గెట్ ఫుల్ మార్క్స్ ఓన్లీ. మై గర్ల్ ఆల్సో విల్ సిట్. నో రెయిన్ టుడే."

ఆయన కిటికీలోంచి చూశాడు. వాన పడితే బాగుండునని ఆశపడినట్టున్నాడు. నీలం ఆకాశం, ఎక్కడా మబ్బు తునక లేదు. పిల్లలందర్నీ ఇబ్బంది పెట్టడం దేనికి మేడమ్ అన్నాడు. ఈ ఒక్క అమ్మాయికీ ప్రత్యేకంగా, దయతో, మరో అవకాశం ఇస్తామన్నాడు. దయ అనే మాట రెండుసార్లు అన్నాడు. కేసెట్‌తో వచ్చిన పుస్తకంలో ఎవరూ తెరవని చివరి పేజీల్లో ఆ వైపు ప్రశ్నలూ జవాబులూ దొరికాయి. ప్రశ్నల పేజీ ఆ పిల్ల ముందు పెట్టి, నేను టేపు తిప్పి బటన్ నొక్కాను. అటువైపు లైబ్రరీ లేదు, రైలు లేదు. ఒక ముసలాయన తన ఇంటి వెనక కూరగాయల మడి గురించి నెమ్మదిగా, మధ్యలో దగ్గుతూ చెబుతున్నాడు. ఆ పిల్ల వంగి, పెన్ను పట్టుకుని, నుదురు ముడివేసి వింటోంది. కొన్ని రాసింది. కొన్ని దగ్గర పెన్ను పైకెత్తి, ఖాళీ వదిలేసింది. ఆ గదిలో ఒక మనిషి వినడం నేను చూడటం అదే మొదటిసారి. ఆంటీ కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. నేను డైరెక్టరు టై చూస్తూ కూర్చున్నాను. దాని మీద చిన్న చిన్న డాల్ఫిన్లు.

సగం కంటే కొంచెం ఎక్కువ వచ్చాయి. పాస్. అలాగని బాకాలు ఊదనక్కర్లేదు. హైస్కూలుకి పంపిన కాగితంలో డైరెక్టరు ఆమె పేరు అందరికంటే కింద వేసి, "వినే సామర్థ్యం బ్యాచ్‌లో అతి తక్కువ" అని స్వదస్తూరీతో రాశాడు. ఆ పిల్ల దాన్ని చదివి, ఆంటీకి చూపించి, "ఆంటీ, ఐ యామ్ లాస్ట్, కదా" అంది నవ్వుతూ. "లాస్ట్ అయితే ఏంటే, లోపలే ఉన్నావుగా! తిను," అంది ఆంటీ. సూట్‌కేసు మళ్లీ మంచం కిందికి వెళ్లింది. ఆ సాయంత్రం కూడా కూర నాట్ స్పైసీయే.

మిగతా పిల్లల గతి ఏమైందని మీరు అడుగుతారు. ఏమీ కాలేదు. హైస్కూల్లో మొదట్లో బిక్కమొహాలు వేసుకుని, ఏడాది తిరిగేసరికి నాకంటే బాగా మాట్లాడారు. ఆ పరీక్ష పెట్టినా అంతే, పెట్టకపోయినా అంతే. విమానాలు రాలిపోతాయన్న ఆ జనవరి లాగే. డైరెక్టరు అదే కేసెట్ మళ్లీ మొదటి వైపుకి తిప్పించి, వచ్చే బ్యాచ్‌కి సిద్ధం చేశాడు. తిప్పింది నేనే. నాకు సిడ్నీలో ఉద్యోగం దొరికేదాకా అవే రైళ్లు తప్పించాను.

చెవుల డాక్టరు దగ్గర్నుంచి కారులో వస్తుంటే మా ఆవిడ అడిగింది, "వినపడకపోతే వినపడలేదని చెప్పడానికేం?" అని. కాలం కూడా ఆ డైరెక్టరు లాంటిదే, నెత్తిన వడగళ్లు పడుతున్నా టేపు ఆపదు. మేమంతా తలలూపుతూ ఏదో ఒకటి రాసేసి, నిండుగా మార్కులు తెచ్చుకుని, ఇంత దూరం వచ్చేశాం. దారిలో ఎవరెవరు ఏమేం చెప్పారో అడిగితే మాత్రం, ఇన్నేళ్ల తరవాత నాకు స్పష్టంగా గుర్తున్నది మడి గురించి దగ్గుతూ చెప్పిన ఆ ముసలాయన గొంతు ఒక్కటే.