పుట్టిలో రేడియో

పెళ్లయిన ఏడాదికి నేను మొదటిసారి నీళ్ల మీదికి వెళ్లాను. అదీ ముందర రేడియో పెట్టుకొని.

మైదుకూరులో మాకు కిరాణా కొట్టు ఉండేది. దాన్ని మా అత్త నడిపేది. ఆ కొట్టు పక్కనే గోడకు ఆనించి మా ఆయన రేడియోలు బాగుచేసే బల్ల. ఆయన యుద్ధం రోజుల్లో ఓడల మీద వైర్‌లెస్ పని చేసి వచ్చిన మనిషి. ఫిరంగుల మోతకు ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి సగం మిగిలింది. రేడియో విప్పి ఏదో తీగ కదిలించి, "ఇప్పుడు గరగర ఉండాదా?" అని నన్ను గట్టిగా అడిగేవాడు. "ఉండాది", "తగ్గింది", "పోయింది" అని నేను అంతకన్నా గట్టిగా చెప్పేదాన్ని. కొత్త కాపురంలో మా ముచ్చట్లు చాలావరకు ఇవే. వీధిలో వాళ్లు మేము రోజూ పోట్లాడుకుంటున్నామని అనుకునేవాళ్లు.

చలికాలంలో ఒకరోజు వల అల్లే దారం కోసం మా కొట్టుకు ఒక బెస్తాయన వచ్చాడు. బద్వేలు దారిలో బస్సులో గంట పోతే వచ్చే పెద్ద చెరువు ఆయనది. అంటే ఆయన సొంతం కాదు గానీ, దాని గురించి సొంతదానిలాగే మాట్లాడేవాడు. కరువు ఏళ్లలో ఆ చెరువు నెర్రెలిచ్చి ఎండిపోతే, రైతులు దాని కడుపులోనే బావులు తవ్వుకున్నారు. తరువాత వానలు పడి చెరువు నిండింది, బావులు మునిగిపోయాయి. చలి మొదలవగానే పెద్ద చేపలన్నీ ఆ బావుల్లోకి దిగి పడుకునేవి.

"చేపలుండాయి, వల ఉండాది. బావే దొరకదు శెట్టీ," అన్నాడు బెస్తాయన. "తెల్లారితే మంచు శానా పడతాండాది. ముక్కు ముందర చెయ్యి గూడా కనపడదు. ఈడే బావి అని వలేస్తే బురద వస్తాది. మంచు ఇడిసేసరికి సంత బస్సు ఎల్లిపోతాది. ఇంగ ఆ చేపలు ఎవురికి అమ్మేది?"

మా ఆయన చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. ఆయన కళ్లు అలా మెరవడం నేను పెళ్లిపీటల మీద కూడా చూడలేదు.

"సముద్రంలో ఓడకు దారి యాడ కనపడతాదప్పా? వినే గదా పోయేది!" అని అరిచాడు. "పై దేశాల్లో చేపల పడవలోళ్లు యంత్రాలు పెట్టుకొని, నిన్న చేపలు పడిన చోటికే ఈ పొద్దు సూటిగా పోతాండారంట. మనమెందుకు పోలేం?"

కొట్టులోంచి మా అత్త తొంగిచూసింది. "శివశివా! మనం తినేది లేదు, తాకేది లేదు. మనకెందుకురా చేపల పాపం?"

"మనం చేపలు పడతాండామా అమ్మా? బావి యాడుండాదో చెప్తాండాం, అంతే."

మా అత్త కాసేపు ఆలోచించింది. బావి చూపించడం పాపమని ఎక్కడా విన్న గుర్తు లేదేమో, మళ్లీ తక్కెడ పట్టుకుంది.

ఆయన ఉపాయం ఇది. ఆకాశంలో మెరుపు మెరిస్తే రేడియోలో చిటపట వస్తుంది కదా. బ్యాటరీతో మోగే కరెంటు గంటలో కూడా ప్రతి మోతకూ ఒక బుల్లి మెరుపు పుడుతుంది. అలాంటి గంటలు రెండు, చెరువు కట్టకు ఈ కొనన ఒకటి, ఆ కొనన ఒకటి పెట్టి, గుంజ పాతి పైకి పొడుగాటి తీగ లాగాడు. బెస్తాయన తెడ్డేసి నడిపే పుట్టిలో బ్యాటరీ రేడియో పెట్టుకుంటే ఆ గంటల గరగర అందులో వినబడుతుంది. రేడియో పెట్టె ముఖం సరిగ్గా గంటకు ఎదురైతే మాత్రం గరగర ఆగిపోతుంది. అట్లా గంట ఏ దిక్కున ఉందో తెలుస్తుంది. ఒక గంట బొంగురుగా మోగేది, దానికి కప్ప అని పేరు పెట్టాం. రెండోది సన్నగా మోగేది, అది కీచురాయి.

అయితే గరగర ఆగిందో లేదో చెప్పాలంటే చెవులు కావాలి. ఆయనకున్నది అర చెవి. కాబట్టి పుట్టిలోకి నేను ఎక్కాలి.

"కోడలు పుట్టిలో పోతే, ఆ గంట దగ్గర ఎవరుంటారు? బ్యాటరీలు మన కొట్టువి," అంది మా అత్త. గొడుగు, చాప, మరమరాల మూట తీసుకొని మాతోపాటు బస్సెక్కింది. కీచురాయి దగ్గర తానే కూర్చుంది. కప్ప దగ్గర బెస్తాయన భార్య కూర్చుంది.

మొదటి రోజు ఎండలో వెళ్లి గుర్తులు పెట్టుకున్నాం. బెస్తాయన రాయి కట్టిన తాడును నీళ్లలోకి వదులుతూ, అది జర్రున లోతుకు జారిన చోట పుట్టిని ఆపాడు. అదే బావి. పుట్టికి అడ్డంగా పెద్ద పలక వేసి, దాని మీద రేడియో పెట్టాం. స్పీకరులోని అయస్కాంతం ముల్లును లాగేస్తుందని దిక్సూచిని పలక చివర దూరంగా పెట్టాడు మా ఆయన. పలకను ముల్లుకు సరిచేసి పట్టుకొని, దాని మీద పెట్టెను తిప్పుతూ కప్ప ఆగిన చోట ఒక సుద్దగీత, కీచురాయి ఆగిన చోట ఇంకొకటి గీశాడు. మంచులో పెట్టెను మొదటి గీత మీద ఉంచి కప్ప మోగకుండా చూసుకుంటూ పోవాలి. దారిలో మధ్యమధ్య రెండో గీతకు తిప్పి వినాలి. కీచురాయి ఎక్కడ ఆగితే అక్కడ బావి.

మరునాడు మంచులో బయలుదేరాం. పుట్టి అంటే గుండ్రటి బుట్ట. తెడ్డు వేసిన ప్రతిసారీ బొంగరంలా తిరుగుతుంది. ముల్లు ఒకవైపు, పలక ఒకవైపు. పలకను సరిచేయడానికి మా ఆయన మోకాళ్ల మీద గుండ్రంగా తిరుగుతున్నాడు. పెట్టె పట్టుకొని ఆయన వెనక నేను తిరుగుతున్నాను. తెల్లటి మంచులో ఏది కట్టో ఏది ఆకాశమో తెలియదు. కళ్లు తిరిగి నాకు నవ్వు మొదలైంది. ఆపుకుందామంటే ఇంకా ఎక్కువైంది.

"ఉండాదా?" అని ఆయన అరుస్తున్నాడు.

"కప్ప లేదు! కీచురాయి ఉండాది!"

కాసేపటికి కీచురాయి టక్కున ఆగింది. "పోయింది! పోయింది!" అని కేక పెట్టాను. బెస్తాయన రాయి వదిలి చూడకుండానే వల దించాడు. అంత నమ్మకం మా మీద! లాగితే బరువుగా తగిలింది. ముగ్గురం కలిసి లాగాం. పైకి వచ్చింది మునిగిన తుమ్మచెట్టు కొమ్మ. అప్పుడే మంచు కొంచెం విడిచింది. చూస్తే కట్ట పక్కనే ఉన్నాం. నీళ్లలో మునిగి లేచిన ఎనుము ఒకటి కొమ్ములెత్తి మావైపు చూస్తోంది.

కట్ట మీద మా అత్త తాపీగా మరమరాలు తింటోంది. గంట మోగడం లేదు.

"అమ్మా, ఎందుకు ఆపినావు?"

"మీ అరుపులు ఇంగా ఈడే ఇనపడతాండాయి గదరా! చేరేదాకా బ్యాటరీ దండగెందుకని ఆపినా. ఒక కేకేసుంటే మళ్లీ పెడుదును."

బెస్తాయన వలలోని ముళ్లు తీస్తూ కూలబడి నవ్వాడు. మా ఆయన కూడా నవ్వాడు. బస్సులో ఇంటికి పోయేటప్పుడు నాకు మాత్రం ఒకటే ఆలోచన. పెట్టె ముఖం గంటకు ఎదురైనా నిశ్శబ్దమే, గంట చచ్చిపోయినా నిశ్శబ్దమే. ఏది ఏదో ఎట్లా తెలిసేది? మైదుకూరు వచ్చేసరికి తట్టింది. ఆగినప్పుడు పెట్టెను కొంచెం పక్కకు తిప్పి చూడాలి. మోత తిరిగి వస్తే గంట బతికే ఉన్నట్టు. ఆ మాట ఆయన కుడి చెవిలో అరిస్తే, బస్సంతా మావైపు తిరిగింది. ఆయన నా చెయ్యి పట్టుకొని ఊపాడు. ఆ కాలంలో, అంతమంది ముందర!

ఆ తరువాతి మంచు ఉదయం మళ్లీ పోయాం. మా అత్త చేత గంట ఆపనని ఒట్టు వేయించుకున్నాం. మళ్లీ అదే తిరుగుడు. కానీ ఈసారి నేను నవ్వుతూనే చెవులు అప్పగించి కూర్చున్నాను. కీచురాయి సన్నబడింది. ఇంకా సన్నబడింది. ఆగింది. పెట్టెను అటు తిప్పాను, కీచుమంది. వెనక్కి తిప్పాను, ఆగింది.

"ఈడే!" అన్నాను.

బెస్తాయన రాయి వదిలాడు. తాడు ఆయన చేతుల్లోంచి జర్రున జారిపోయింది. ఆయన నా వైపు చూశాడు. తరువాత చుట్టూ వల దించి, తెడ్డుతో నీళ్లు బాదడం మొదలుపెట్టాడు. ఒక్కసారిగా పుట్టి ఒరిగింది. నాకన్నా పొడుగున్న వాలుగ చేప వలలో ఎగిరింది. దాని తోక దెబ్బకు నీళ్లు మా ముగ్గురి మీద పడ్డాయి. మా ఆయన రేడియోను కావలించుకున్నాడు. "పట్టుకో శెట్టీ, పట్టుకో!" అని బెస్తాయన కేకలు. అంతకుముందు చేపను దగ్గర నుంచి కూడా చూడని నేను, కొంగు బిగించి వల అంచు పట్టుకున్నాను.

"అత్తా! దొరికింది!" అని మంచులోకి అరిచాను.

ఎక్కడో దూరం నుంచి మా అత్త గొంతు వచ్చింది. "ఇంగ గంట ఆపొచ్చునా?"

ఆ రోజు సంత బస్సు చేపల గంపలతో కదిలింది. టాపు మీద వాలుగ తోక బయటికి వేలాడింది. మా అత్త ఇంటికి రాగానే తలస్నానం చేసి, మమ్మల్ని కూడా చేయమంది. సాయంత్రం కొట్టుకు వచ్చిన వాళ్లందరికీ ఆ చేప ఎంతుందో రెండు చేతులూ చాపి చూపించింది. చేతులు చాలక చివరికి తలుపును చూపించింది.

కొద్దిరోజుల్లో బెస్తాయన భార్య వినడం నేర్చుకుంది. పుట్టిలో నా చోట ఆమె, కప్ప దగ్గర ఆమె చోట వాళ్ల పిల్లవాడు కూర్చున్నారు. నాకు లోపల కొంచెం ఉడుకుబోతుతనంగానే ఉండేది. అయినా నేను మా ఆయన బల్ల దగ్గరే కుర్చీ వేసుకొని రేడియోలు విప్పడం మొదలుపెట్టాను. తరువాతి వరదకు బావులు పూడిపోయాయి. గంటలు మళ్లీ కొట్టుకు వచ్చాయి.

అప్పటివరకు, మంచు పడిన ప్రతి ఉదయం మా అత్త కొట్టు తాళంచెవులు నా చేతికి ఇచ్చేది. "బ్యాటరీలు ఎట్లుండాయో చూసొస్తా," అని మొదటి బస్సుకు పోయేది.