ఔటర్ పక్కన గుంటనక్కలు

సిల్వియా శంషాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్. నలభై నాలుగేళ్ళుంటాయి. పెళ్ళి చేసుకోలేదు, సాతంరాయిలో తల్లి యేసమ్మతో ఉంటుంది. నాలుగు రోజులు సెలవు దొరికితే చాలు, సంచి భుజాన వేసుకుని బస్సెక్కేది. చుట్టాలిళ్ళకు కాదు, అడవి జంతువులను చూడటానికి.

పన్నెండేళ్ళ కింద నల్లమలలో కొమ్మ మీద బోర్లా పడుకున్న బెట్టుడుతను, పిల్లంత పెద్ద ఉడుతను, చూసినప్పుడు పట్టుకున్న పిచ్చి అది. నాలుగు కొమ్ముల కొండగొర్రె కోసం ఆదిలాబాద్ వైపు మూడుసార్లు తిరిగింది. పులి కనబడలేదని ఏనాడూ బాధపడలేదు. కనబడింది ఏదైనా సరే, అది ఫలానా అని నిక్కచ్చిగా తేలాలి. చెవులు, తోక, అడుగు గుర్తు అన్నీ కుదిరితేనే నోటుబుక్కులో రాసుకునేది.

గుంటనక్క మాత్రం ఆమెకు సరిగ్గా చిక్కలేదు. దానికోసం రైల్లో గుజరాత్ దాకా పోయి, జీపు ముందు నుంచి పొదలోకి దూరిన తోకను చూసి తిరిగొచ్చింది.

అలాంటిది ఆ మార్చిలో ఇంటికి ఎనిమిది కిలోమీటర్లలోనే దొరికింది. హిమాయత్ సాగర్ అవతల, ఔటర్ రింగు రోడ్డు పక్క గుట్ట మీద బుచ్చయ్య మేకలు కాస్తాడు. రక్తపరీక్షకు వచ్చినప్పుడు మాటల్లో చెప్పాడు. ఆ ఆదివారం తెల్లవారగానే ఆమెను తీసుకెళ్ళి తుమ్మపొద వెనక కూర్చోబెట్టాడు.

బొరియలోంచి మొదట తల్లి వచ్చింది. సన్నని మూతి, పెద్ద చెవులు, తోక చివర నల్లని కుచ్చు. వెనకే నాలుగు కూనలు. ఒకదాని తోక ఇంకొకటి కొరుకుతూ మట్టిలో దొర్లాయి. తల మీదుగా విమానం దిగుతున్నా ఒక్కటీ పట్టించుకోలేదు.

"ఎవ్వలకు చెప్పకు బిడ్డా. కుక్కలను పట్టుకొని ఎవడన్న వస్తే తవ్వి పారేస్తరు" అన్నాడు బుచ్చయ్య.

"చెప్ప పెద్దబాపు."

ఒక్కరికి చెప్పింది. అరుణ్‌కుమార్ అని, గచ్చిబౌలిలో ఉద్యోగం, ఆమెలాగే జంతువుల కోసం ఊళ్ళు తిరిగేవాడు. నిరుడు కృష్ణ ఒడ్డున ఆమెకు నీటికుక్కలను చూపించింది అతనే. ఆ మేలు తీర్చుకుందామనుకుంది. అదొక్కటే కాదు, ఇంత అదృష్టం దక్కిందని ఎవరికో ఒకరికి చెప్పుకోకుండా ఉండలేకపోయింది.

అతను వచ్చి ఫొటోలు తీసుకున్నాడు. జంతువులను చూసేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒకటి పెట్టాడు. ఊరి పేరు రాయలేదు. కానీ కూనల వెనక ఔటర్ మీది ఊరి పేరున్న పచ్చబోర్డు స్పష్టంగా కనిపిస్తోంది.

తర్వాతి ఆదివారం గుట్ట కింద పదకొండు కార్లు. ఎవరో బొరియ ముందు కోడి ముక్కలు చల్లారు. ఇంకొకరు కూనలు తలెత్తాలని చప్పట్లు కొడుతున్నారు.

"జర దూరం జరగండి! తల్లి లోపలికి పోలేకపోతున్నది" అని సిల్వియా అడ్డం వెళ్ళింది.

"మీరు చూశారుగా మేడం. మమ్మల్నీ చూడనివ్వండి" అన్నాడొకాయన, కెమెరాలోంచి కన్ను తీయకుండానే.

ఎండ ఎక్కేదాకా తల్లి దూరంగా రాళ్ళ మధ్య నిలబడే ఉంది.

మంగళవారం పొద్దున్నే బుచ్చయ్య ఫోన్ చేశాడు. సిల్వియా వెళ్ళేసరికి సర్వీసు రోడ్డు మీద రెండు కూనలు పడి ఉన్నాయి. తల్లి వాటిని వేరే చోటికి తీసుకుపోతుంటే దాటలేకపోయినట్టున్నాయి. ఒకదాని మీదుగా టైరు పోయింది.

"అవ్వేనా బిడ్డా?"

ఆమె గొంతుక్కూర్చుని చెవులు చూసింది, మూతి చూసింది. దుమ్ము దులిపి తోక చివర చూసింది.

"అవ్వే."

"అన్ని కార్లు ఎట్లొచ్చినయో ఏమో, సమజైతలేదు" అన్నాడు బుచ్చయ్య గడ్డపారతో గుంత తవ్వుతూ.  సిల్వియా కూనలను రెండు చేతులా ఎత్తి గుంతలో పెట్టింది.

ఆ మధ్యాహ్నం అరుణ్‌కుమార్‌కు ఫోన్ చేసింది.

"నేను ప్లేస్ ఎక్కడా పెట్టలేదండీ, కావాలంటే చూడండి" అన్నాడతను. గొంతులో భయం ఉంది.

"నువ్వు పెట్టలే. నేను చెప్పిన."

గ్రూపులో జరిగిందంతా రాసింది. బొరియ సంగతి బయటపెట్టింది తానేనని, రెండు కూనలు చచ్చిపోయాయని. కొందరు ఏడుపు బొమ్మలు పెట్టారు. ఒకాయన అడిగాడు: "మిగతా రెండూ ఇప్పుడు ఎక్కడున్నాయి? ఈ ఆదివారం ఫ్యామిలీతో వద్దామనుకుంటున్నాం."

ఆమె గ్రూపులోంచి బయటికొచ్చింది.

బుచ్చయ్యకు చెప్పడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది. ఆయన కర్రకు ఆనుకుని అంతా విన్నాడు.

"నువ్వు చెప్పకపోతే ఇంకెవడన్న చూస్తుండెనేమో" అన్నాడు చివరికి. "గని చెప్పింది నువ్వే." మేకలను అదిలించుకుంటూ గుట్ట దిగిపోయాడు.

"ఎండకాలం ఎటు పోతున్నవే ఈసారి?" అని యేసమ్మ అడిగితే, ఎటూ లేదంది సిల్వియా. తీసిన టికెట్లు రద్దు చేసింది. వానలు పడేదాకా ప్రతి ఆదివారం చర్చికి ముందు ఆ సర్వీసు రోడ్డు పొడుగునా నడిచింది. తూములు వంగి చూసింది, ముళ్ళకంపలు తొలగించి చూసింది. మిగిలిన రెండూ బతికీ కనబడలేదు, చచ్చీ కనబడలేదు.